వైఫై బాగానే ఉంది, కేబుల్ పెడితేనే నెట్ ఆగుతోందా? ఫిర్యాదు చేసే ముందు ఇవి చూడండి

ఇంట్లో ఫోన్లన్నీ వైఫై మీద హాయిగా నడుస్తుంటాయి. కేబుల్ పెట్టిన ల్యాప్‌టాప్ మాత్రం ఆఫీసు మీటింగ్ మధ్యలో ఆగి ఆగి వస్తుంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారు. టెక్నీషియన్ వస్తాడు. తన ఫోన్‌ని మీ వైఫైకి కలిపి స్పీడ్ టెస్ట్ చేస్తాడు. 'ఫుల్ స్పీడ్ వస్తోంది కదా సార్' అని చూపించి వెళ్లిపోతాడు. సాయంత్రానికి మీ ఫిర్యాదు పరిష్కారమైందని ఎస్సెమ్మెస్. మర్నాడు పదకొండింటికి మళ్లీ అదే గోల.

అతను చెప్పింది అబద్ధం కాదు. వీధిలోంచి వచ్చే ఫైబర్ ఒక్కటే. వైఫైకీ, కేబుల్‌కీ నెట్ అందులోంచే రావాలి. వైఫై నిలకడగా ఉందంటే బయటి లైనులో లోపం లేనట్టే. తేడా రౌటర్ వెనకున్న పోర్టుకీ, మీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉంది. సాధారణంగా ఆ భాగం బాధ్యత కంపెనీ తీసుకోదు. అది మీరో, మీ బిల్డరో, అద్దె ఇంట్లో మీకంటే ముందున్నవారో వేయించుకున్న కేబుల్. రెండూ ఒకేసారి ఆగుతుంటే మాత్రం అది వేరే కథ, దాని సంగతి చివర్లో.

ముందు లైట్లు చూడండి

ఫైబర్ కనెక్షన్ ఉంటే గోడకున్న బాక్సు మీద పాన్, లాస్ అని రెండు లైట్లు ఉంటాయి. పాన్ కదలకుండా వెలుగుతూ, లాస్ ఆరిపోయి ఉంటే వెలుతురు సిగ్నల్ ఇంటిదాకా వస్తున్నట్టే. లాస్ ఎర్రగా మెరుస్తుంటే ఫైబర్ తెగిందో, మరీ ఒంగిందో, కనెక్టర్ వదులైందో. అలాంటప్పుడు ఇంట్లో మీరు చేయగలిగేది ఏమీ లేదు, నేరుగా ఫిర్యాదు చేయండి.

తర్వాత రౌటర్ వెనక మీ కేబుల్ గుచ్చిన పోర్టు దగ్గరి చిన్న లైటు చూడండి. మామూలుగా అది వెలుగుతూనో, డేటా వెళ్లినప్పుడల్లా మినుకుమంటూనో ఉండాలి. పూర్తిగా ఆరిపోయి, రెండు మూడు సెకన్లకు మళ్లీ వెలుగుతోందంటే కనెక్షనే తెగి అతుక్కుంటోందన్న మాట. నెట్ ఆగిన క్షణంలోనే ఆ లైటు ఆరిందేమో గమనించండి. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

ఐదు నిమిషాల పింగ్ పరీక్ష

లోపం ఏ భాగంలో ఉందో తేల్చడానికి దీన్ని మించింది లేదు. విండోస్ ల్యాప్‌టాప్ అయితే వైఫై ఆపేసి, కేబుల్ ఒక్కటే ఉంచండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, స్పేస్ ఇచ్చి రౌటర్ అడ్రస్, మళ్లీ స్పేస్ ఇచ్చి హైఫన్, దాని పక్కనే టీ అక్షరం కొట్టండి. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. మీది వేరైతే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఆపమనేదాకా సెకనుకో లైను వస్తూ ఉంటుంది. ఇంకో విండో తెరిచి, ఇదే పరీక్ష 8.8.8.8 అడ్రస్‌తో నడపండి. అది గూగుల్ సర్వర్, అంటే మీ ఇంటి బయటి ప్రపంచం. రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి.

నెట్ ఆగినప్పుడు ఆ రెండు కిటికీల్లో ఏం కనిపించిందన్నదే అసలు జవాబు. రౌటర్ పింగే తప్పిపోతుంటే, అంటే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అనో 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అనో వస్తుంటే, లోపం కేబుల్‌లో, పోర్టులో, లేదా ల్యాప్‌టాప్‌లో. కంపెనీని తిట్టి లాభం లేదు. రౌటర్ పింగ్ ఒక్కటి కూడా తప్పకుండా, బయటి పింగ్ మాత్రమే తప్పిపోతుంటే లోపం రౌటర్‌లోనో, బయటి లైనులోనో ఉంది. రెండూ చక్కగా వస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్ సెట్టింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

మంచి కేబుల్ మీద రౌటర్ జవాబు ఒక మిల్లీసెకను లోపే రావాలి. అప్పుడప్పుడు ఇరవై, నలభై అని కనిపిస్తూ మధ్యలో ఒకటి రెండు తప్పిపోతుంటే, పూర్తిగా తెగకపోయినా కేబుల్ సరిగ్గా లేదనే అనుకోవాలి.

కేబుల్ లోపల ఏముంది?

ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి రెండు జతలు చాలు. 1 జీబీపీఎస్ రావాలంటే నాలుగు జతలూ పనిచేయాలి. అందుకే ఎనిమిదిలో ఒక్క తీగ జాక్‌లో సరిగ్గా అంటకపోయినా కొన్ని ఇళ్లలో నెట్ ఆగదు, వేగం మాత్రం సరిగ్గా వందకు పడిపోతుంది. మీ ప్లాన్ 200 లేదా 300 అయి, కేబుల్ మీద స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 93, 95 దగ్గరే ఆగిపోతోందా? అనుమానం ఇక్కడే. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్‌లోకి వెళ్తే లింక్ స్పీడ్ ఎంతో కనిపిస్తుంది. అక్కడ ఒకసారి 1000, ఒకసారి 100 అని మారుతుంటే ఏదో తీగ ఊగుతోంది.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. కొన్ని ఫైబర్ బాక్సుల్లో ఒక్క పోర్టే 1 జీబీపీఎస్‌ది, మిగతావి 100వి. చాలా స్మార్ట్ టీవీల ల్యాన్ పోర్టు కూడా 100 దగ్గరే ఆగుతుంది. అక్కడ 95 వస్తే అది లోపం కాదు.

ఎక్కువగా చెడేది జాక్. పట్టి ఉంచే ప్లాస్టిక్ నాలుక విరిగిపోతే కేబుల్ గుచ్చినట్టే కనిపిస్తుంది కానీ, టేబుల్ కదిలినప్పుడల్లా వదులవుతుంది. కొత్త జాక్ వేయించేటప్పుడు తీగల వరుస చూడండి. ఎడమ నుంచి తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మూడో స్థానానికీ ఆరో స్థానానికీ విడిపోయి ఉండటం పొరపాటు కాదు, అలాగే ఉండాలి. కొందరు రంగుల జతలన్నీ పక్కపక్కన పెట్టేసి, రెండు చివర్లా అలాగే బిగిస్తారు. చేతిలోని టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతాయి, 'కేబుల్ ఓకే' అంటారు. కానీ సిగ్నల్ వెళ్లే రెండు తీగలు ఒకే మెలికలో లేకపోవడం వల్ల పక్క జత గందరగోళం అందులోకి వచ్చి ప్యాకెట్లు పాడవుతాయి. ఎనిమిది లైట్లు చూసి నమ్మి, నేనూ ఒకసారి కొత్త రౌటర్ కొన్నాను. చివరికి పోయింది రెండు జాక్‌లు.

కేబుల్ కొనేటప్పుడు ధర కన్నా లోపలి లోహం ముఖ్యం. చౌకగా దొరికే కేబుళ్లలో చాలావాటిలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. నాలుగుసార్లు ఒంచితే విరిగిపోతుంది. పూర్తి రాగి క్యాట్5ఈ అడగండి. 100 మీటర్ల వరకు 1 జీబీపీఎస్‌కి అది చాలు. మామూలు ఫ్లాట్‌కి క్యాట్7, క్యాట్8 అంటూ ఎక్కువ పెట్టనక్కర్లేదు.

గోడలోంచి వచ్చే కేబుల్ మీద అనుమానం ఉంటే దాన్ని పీకే పని పెట్టుకోకండి. ఒక కొత్త రెడీమేడ్ కేబుల్‌ని ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి నేల మీదే నేరుగా పరిచి, ఒక రోజు పని చేసి చూడండి. సమస్య పోతే గోడలోని కేబుల్ దోషి. పోకపోతే అదే కేబుల్‌ని రౌటర్ మరో పోర్టులోకి మార్చండి. ఆ తర్వాత మరో ల్యాప్‌టాప్‌కి పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబులూ, పోర్టూ, సెట్టింగులూ ఒకేసారి మార్చేస్తే నెట్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తారు.

కేబుల్ కాకపోతే?

ఉరుముల వాన తర్వాత ఒక పోర్టు పనిచేయడం మానేసి మిగతావి బాగున్నాయంటే ఆ పోర్టు కాలినట్టే. డాబా మీంచి రాగి ల్యాన్ కేబుల్ వచ్చే ఇళ్లలో ఇది మామూలే. ఆకాశం ఉరుముతున్నప్పుడు కేబుల్, అడాప్టర్ రెండూ పీకేయడం మేలు.

ల్యాప్‌టాప్ కాసేపు వదిలేసి వచ్చాక నెట్ పోతుంటే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ చూడండి. కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ను ఆపడానికి అనుమతి ఇచ్చే టిక్కు అక్కడ ఉంటే తీసేయండి. ఇక పాత రౌటర్‌ను రెండో గదిలో వైఫై కోసం కలిపినవారు, దానిలో డీహెచ్‌సీపీ ఆపారో లేదో చూసుకోవాలి. ఆపకపోతే ఇంట్లో అడ్రస్‌లు పంచే పెద్దలు ఇద్దరవుతారు. కొన్ని పరికరాలకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, రోజుకో తీరుగా ఉంటుంది.

వైఫై, కేబుల్ రెండూ కలిసి ఒకటి రెండు నిమిషాలు పోయి వస్తుంటే రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతోందేమో చూడండి. రౌటర్ పేజీలో అప్‌టైమ్ అనే అంకె ఉంటుంది. నిన్నటి నుంచి ఆపకపోయినా అది పది నిమిషాలే చూపిస్తుంటే అనుమానం అడాప్టర్ మీదికి పోవాలి. మార్చేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టేజీయే కొత్తదానికీ ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి.

లోపం బయటిదేనని తేలితే

ఇప్పుడు ఫిర్యాదు చేయండి. 'నెట్ స్లోగా ఉంది' అని చెప్పొద్దు. 'రౌటర్ వరకు పింగ్ తప్పడం లేదు, ఫలానా తేదీ ఇన్ని గంటలకు బయటి పింగ్ తప్పిపోయింది' అని చెప్పి, స్క్రీన్‌షాట్లు మెయిల్ చేయండి. డాకెట్ నంబర్ ఇవ్వకుండా ఫోన్ పెట్టేయనివ్వకండి. టెక్నీషియన్ వచ్చినప్పుడు వైఫై మీద కాకుండా కేబుల్ మీద, మీ ముందే పరీక్షించమనండి. స్పీడ్ ఒక్కటే కాదు. ట్రాయ్ 2024లో తెచ్చి అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలు చేస్తున్న సేవా నాణ్యత నిబంధనల్లో జాప్యం, ప్యాకెట్ల నష్టం కూడా కొలమానాలే.

పరిష్కరించకుండానే ఫిర్యాదు మూసేస్తే ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. 30 రోజుల్లోగా అప్పీలు చేయాలి, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ అథారిటీ వివరాలు ఉంటాయి. ట్రాయ్‌కే నేరుగా రాసేవారు చాలామంది ఉంటారు గానీ, అది విడి వినియోగదారుల ఫిర్యాదులను విచారించదు. టెలికాం విభాగానికి సీపీగ్రామ్స్ పోర్టల్ ద్వారా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 1915 నంబరులో చెప్పుకోవచ్చు. టెలికాం సేవల వివాదాలు వినియోగదారుల కమిషన్ ముందుకు తీసుకెళ్లవచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, జిల్లా కమిషన్ తలుపు కూడా తెరిచే ఉంది.

ఇందులో ఏ మెట్టు ఎక్కాలన్నా మొదట అడిగేది డాకెట్ నంబరే. పరిష్కారమైందంటూ వచ్చిన ఎస్సెమ్మెస్‌లను చిరాకుతో డిలీట్ చేయకండి. అది వచ్చిన సమయం, ఆ తర్వాత మళ్లీ తప్పిన పింగ్ స్క్రీన్‌షాట్ పక్కపక్కన పెట్టి అప్పీలుకు జత చేయండి.