వాక్యం చెప్పే పెద్దలు: కోనసీమ క్రైస్తవ సంఘాల గతం

"ప్రెస్బిటేరియన్" అనే పేరుకు మూలమైన గ్రీకు పదం "ప్రెస్బుతెరోస్". దానిని తెలుగు బైబిలు "పెద్ద" అని అనువదించింది. బిషప్పు అధికారానికి లోబడకుండా, సభ్యులు ఎన్నుకున్న పెద్దలు బోధకునితో కలిసి సంఘాన్ని నడపడం ఈ పద్ధతికి ఆయువుపట్టు. 16వ శతాబ్దంలో జెనీవా నగరంలో జాన్ కాల్విన్ తీర్చిదిద్దిన ఈ విధానం, జాన్ నాక్స్ ప్రభావంతో 1560 నుంచి స్కాట్లాండులో వేళ్లూనుకుంది. స్థానిక సంఘపు పెద్దల సభను సెషన్ అని, ఒక ప్రాంతంలోని సంఘాల ప్రతినిధులు కూడే సభను ప్రెస్బిటరీ అని వ్యవహరిస్తారు. బోధకుడు ప్రసంగించినా, సంఘ క్రమశిక్షణ, ప్రభుభోజనానికి సభ్యుల అర్హత వంటి విషయాలు పెద్దలతో కలిసి నిర్ణయించవలసినవే.

తెలుగు నేలపై ఈ సంప్రదాయం తన పేరుతో ఎక్కువకాలం నిలవలేదు. స్కాట్లాండు మిషనరీ జాన్ ఆండర్సన్ 1837లో మద్రాసులో పాఠశాల నెలకొల్పగా, 1863లో మదనపల్లె చేరిన అమెరికన్ మిషనరీ జేకబ్ చేంబర్లెన్, పెద్దల పాలనను అనుసరించే రిఫార్మ్‌డ్ సంఘం తరఫున బోధనతో పాటు వైద్యం కూడా చేశాడు. ఇటువంటి సంఘాలు 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలతో కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడి, ఆ ఐక్య సంఘం 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కూడి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సి.ఎస్.ఐ.గా మారడంతో, ప్రెస్బిటేరియన్ అనే పేరు ఆ ఐక్యతలో కలిసిపోయింది. అయినా పెద్దల చేత సంఘం నడవాలన్న ఆలోచనకు, ఎవరూ ఆ పేరు పెట్టకపోయినా, తెలుగు దేశంలో బలమైన నివాసం దొరికిన చోట్లలో గౌతమీ వశిష్ఠల మధ్య ఉన్న కోనసీమ ఒకటి.

కోనసీమకు ఉత్తరాన రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో 1874 నుంచి కెనడియన్ బాప్టిస్టులు కేంద్రాలు ఏర్పరచుకోగా, డెల్టాలో ముందుగా అడుగుపెట్టినవారు వేరు. మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు 1836లో సకుటుంబంగా మద్రాసు చేరి, మచిలీపట్నం మీదుగా నరసాపురం ప్రాంతానికి వచ్చారు. బౌడెన్ రాతిపని చేసినవాడు, బీర్ చెప్పులు కుట్టినవాడు. ఇద్దరికీ మతగురువుగా అభిషేకం లేదు, నెలజీతం పూచీ పడే సంస్థ కూడా లేదు. వీరు చెందిన బ్రదరన్ సంఘం, అంటే తెలుగులో సహోదర సంఘం, అభిషిక్త గురువు అనే పదవినే అంగీకరించదు. వీరి శ్రమ నుంచి పెరిగినదే తరువాత గోదావరి డెల్టా మిషన్ అని పేరు పొందింది. నరసాపురం రేవులో పంటి ఎక్కి వశిష్ఠ దాటితే ఆవలి ఒడ్డు సఖినేటిపల్లి, అది దాటితే కోనసీమ పల్లెలు. ఆ నీటి దారే బోధకుల దారి అయింది. 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ఆనకట్ట పనులు సాగిన ధవళేశ్వరంలో గుమిగూడిన వేలాది కూలీలు వీరి బోధకు పెద్ద శ్రోతృవర్గం కావడం ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

రెండు సంప్రదాయాలను ఒకటిగా భావించడం పొరపాటు. ప్రెస్బిటేరియన్లు పసిబిడ్డలకు నీళ్లు చిలకరించి బాప్తిస్మమిస్తారు. సహోదర సంఘం విశ్వాసం ఒప్పుకున్న పెద్దవయసు వారిని నీట ముంచి ఇస్తుంది. మొదటివారికి ప్రెస్బిటరీ వంటి పై సభ ఉంది. రెండోవారిలో ఏ ఊరి సంఘం ఆ ఊరిదే. కాని పాలన పెద్దలదేనన్న మూలసూత్రం ఇద్దరికీ సమానం. ఉప్పలగుప్తం వంటి డెల్టా గ్రామాల దళిత పేటల్లో ఈ సూత్రం సులువుగా అతకడానికి కారణం, బౌడెన్ రాకముందే అక్కడ కులపెద్దలు ఉండటమే. తగవు తీర్చడం, పెళ్లి కుదర్చడం, చావు పనులకు చందా పోగుచేయడం పేట పెద్దల బాధ్యతలు. సంఘపు పెద్ద అనే కొత్త పదవి ఆ పాత పీట మీదే కూర్చుంది. అయితే ఒక తేడా గమనించదగినది. కులపెద్దరికం వంశాన్ని బట్టి సంక్రమించేది కాగా, సంఘపు పెద్దకు లేఖన జ్ఞానం, నడవడి కొలమానాలయ్యాయి. అంటరానితనం వల్ల ఊరి గుడిలోకీ బడిలోకీ అడుగుపెట్టలేని మనిషి, పుస్తకం తెరిచి నలుగురి ముందు నిలబడి అర్థం చెప్పే అధికారం పొందడం చిన్న మార్పు కాదు. పందొమ్మిదో శతాబ్దపు డెల్టాలో ఇంతకంటే లోతైన సామాజిక ఘటనలు ఎక్కువగా కనిపించవు.

ఆ అధికారానికి ప్రజలు పెట్టిన పేరు "వాక్యం చెప్పడం". పుస్తక భాషలో ప్రసంగం అన్నా, పేటలో మాత్రం "ఈ ఆదివారం వాక్యం ఎవరు చెబుతున్నారు" అనే అడుగుతారు. పురాణం చెప్పడం, హరికథ చెప్పడం, బుర్రకథ చెప్పడం అనే తెలుగు వాడుకలో ఈ మాట సహజంగా ఇమిడిపోయింది. చెప్పే తీరు కూడా ఆ ఒరవడిలోనిదే. బోధకుడు ముందు బైబిలు వచనాన్ని దాని గ్రాంథిక భాషలో చదువుతాడు. తర్వాత "అనగా ఏమిటి" అని ఆగి, గోదావరి యాసలో దాన్ని విప్పుతాడు. నడుమ ఒక కీర్తన ఎత్తుకుంటాడు, సభ అందుకుంటుంది. పురుషోత్తమ చౌధరి వంటి 19వ శతాబ్దపు కవులు రాగతాళాలతో రచించిన క్రైస్తవ కీర్తనలు ఇందుకు బాగా తోడ్పడ్డాయి. అక్షరం రాని వృద్ధురాలు సైతం పత్రికల పేర్లను, వచనాల అంకెలను నోటికి అప్పగించగలిగే స్థితికి రావడం ఇలా చెవితో సాగిన చదువు ఫలమే. ఇక్కడ పత్రిక అంటే అపొస్తలులు సంఘాలకు రాసిన లేఖ అని అర్థం.

పాలస్తీనా కథను కోనసీమ మట్టిలో నాటడం కూడా బోధకుని పనే. విత్తువాని ఉపమానంలో రైతు గింజలు చల్లుకుంటూ పోతాడు. డెల్టా రైతు ఆకుమడి పోసి, నారు తీసి, ఊడ్చి పండిస్తాడు. కాబట్టి దారిపక్కన, రాతినేలన, ముళ్లపొదల్లో పడిన విత్తనాలను ఇక్కడి శ్రోతకు చెప్పేటప్పుడు గట్టు మీద, చవిటి నేలలో, తుంగ మొలిచిన మడిలో పడిన గింజగా మార్చి చెప్పడం సులువు. ద్రాక్షావల్లి చూడని వారికి తీగను చూపించాలంటే పందిరి ఎక్కిన పాదులున్నాయి. గలిలయ సముద్రంలో వలవేసిన పేతురు కథను మాత్రం తీరంలోని వాసాలతిప్ప, ఎస్. యానాం వైపు వేరుగా వివరించనక్కరలేదు.

ఆదివారం ఉదయం సహోదర సంఘాల్లో జరిగే ముఖ్య ఆరాధన రొట్టె విరవడం. నడిమి బల్లపై ఒక రొట్టె, ఒక పాత్ర ఉంటాయి. ముసుగు వేసుకున్న స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు కూర్చుంటారు. ముందుగా నిర్ణయించిన వరుస లేకుండా ఒక సహోదరుడు లేచి ప్రార్థిస్తాడు, మరొకడు కీర్తన చెబుతాడు, ఇంకొకడు నాలుగు మాటలు ధ్యానం పంచుతాడు. బోధించే పిలుపు ఎవరికైనా రావచ్చునన్న ఈ నమ్మకం ఎందరో రైతు కూలీలను వక్తలుగా తీర్చింది. స్త్రీల గొంతుకు ఆ సభలో చోటు లేకపోవడం మాత్రం ఈ సమానత్వానికి తీరని కొరతగా మిగిలిపోయింది. వారి నాయకత్వం స్త్రీల కూటాల్లోనూ, ఇంటింటి ప్రార్థనల్లోనూ, పిడికెడు బియ్యంలోనూ కనబడుతుంది. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, వారాంతానికి దాన్ని మందిరానికి తేవడం తెలుగు క్రైస్తవ స్త్రీల పాత అలవాటు. నగదు కంటపడని కూలి ఇళ్ల నుంచి బోధకుల పోషణకు, బీదల సాయానికి అందిన నిధి ప్రధానంగా అదే. సంఘపు లెక్కల్లో అది స్త్రీల పేరున అరుదుగా చేరింది.

ఇతర సంఘాల్లో పండుగలు ఎక్కువ. కోతల తరువాత ప్రథమ ఫలాల కానుకగా వరి కంకులు, కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కోళ్లు మందిరానికి చేరి వేలానికి వస్తాయి. యేసు యెరూషలేము ప్రవేశాన్ని స్మరించే ఆదివారానికి తెలుగులో మట్టల ఆదివారం అనే పేరు స్థిరపడటానికి తాటి, కొబ్బరి మట్టలే కారణం. కొబ్బరి ఏడాది పొడవునా పచ్చగా ఉండే కోనసీమలో ఆ ఊరేగింపుకు మట్ట వెతకనవసరం లేదు. బాప్తిస్మాలకు కాలువ గట్టు చాలు. ఆనకట్ట వల్ల వచ్చిన నీరే పొలాన్ని తడిపి, కొత్త విశ్వాసిని కూడా ముంచి లేపింది.

స్వాతంత్ర్యం తరువాత ఈ సంఘాల అంతరంగంలో మరో చిక్కు చేరింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మొదట హిందువులకే పరిమితం చేయగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవులుగా మారిన దళితులకు రాష్ట్రంలో బి.సి.-సి వర్గం కింద ఒక శాతం రిజర్వేషను మాత్రమే ఉంది. అందువల్ల ఎందరికో ఆదివారం నాటి పేరు ఒకటి, కార్యాలయపు కాగితం మీది కులం మరొకటి అయ్యాయి. పేటలో పుట్టిన వివక్ష మందిరం గడప దాటినంత మాత్రాన పోదని తెలిసిన సంఘపు పెద్దలే, పిల్లల చదువు కోసం ఆ కాగితాల బరువును కూడా మోయవలసి వచ్చింది.

నేటికీ అనేక సంఘాల్లో శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి మూడు గంటల వరకు "ఏడు మాటలు" జరుగుతాయి. సిలువ మీద యేసు పలికిన ఏడు వాక్యాలను ఏడుగురు వంతులవారీగా వివరించే ఆరాధన ఇది. అయ్యగారు అని పిలుచుకునే పాస్టరుకు ఒక మాట దక్కితే, మిగిలినవి ఉపాధ్యాయుడికి, యువజన కూటపు కుర్రవాడికి, కొన్ని సంఘాల్లో ఒక మహిళకు కూడా దక్కుతాయి. దాహంగొన్న మాటకు వివరణ ఎవరికి వస్తుందోనని వారం ముందే పేటలో చర్చ మొదలవుతుంది.