చౌక చొక్కా చరిత్ర

బంగ్లాదేశ్ లోకానికంతటికీ చొక్కాలు కుట్టిపెట్టే దేశమైందంటే అది చవక కూలీ మహిమ ఒక్కటే కాదు. 1974లో వచ్చిన మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ కింద అమెరికా, యూరప్ ఏ దేశం నుంచి ఎన్ని దుస్తులు దిగుమతి చేసుకోవాలో కోటాలు కట్టాయి. దక్షిణ కొరియాకు ఆ కోటా చాలలేదు. అక్కడి దేవూ కంపెనీ కోటా గొడవ లేని చోటు వెతుక్కుంటూ, నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి పెట్టిన దేశ్ గార్మెంట్స్‌తో 1978లో ఒప్పందం కుదుర్చుకుంది.

మరుసటి ఏడు 130 మంది బంగ్లాదేశీలు బుసాన్ వెళ్లి ఆరు నెలలు పని నేర్చుకొచ్చారు. కొన్నేళ్లు తిరిగేసరికి వారిలో 115 మంది దేశ్‌ను వదిలి సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, లేదా వేరేచోట్ల చేరారు. దేశ్‌కు అది నష్టమే, దేశానికి మాత్రం లాభం. చేతిలోని ఎగుమతి ఆర్డరును చూసి బ్యాంకులు బట్ట దిగుమతికి పూచీ ఇవ్వడంతో పెద్దగా పెట్టుబడి లేనివాళ్లూ రంగంలోకి దిగారు. పల్లెల నుంచి లక్షలాది ఆడపిల్లలు ఢాకా చేరి మొదటిసారి సొంత జీతం కళ్లజూశారు. ఇదంతా వట్టి దోపిడీ అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అలాగని దూరాన ఉన్నవారి మంచితనం కూడా ప్రతిసారీ మేలు చేయలేదు. బాలకార్మికులు తయారుచేసిన సరుకు దిగుమతి కాకూడదని 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. కానీ ఆ భయానికే యజమానులు వేలాది పిల్లల్ని పనిలోంచి తీసేశారు. వారిలో కొందరు బడికి కాదు, రాళ్లు కొట్టడానికి పోయారు. పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత రాసుకున్న ఒప్పందం 1995లో గానీ రాలేదు.

2004 చివర కోటాలు పోయాయి. ఆర్డర్లు తగ్గలేదు. బ్రాండు నుంచి ఏజెంటుకు, అతని నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్నుంచి సబ్‌కాంట్రాక్టరుకు పని చేతులు మారుతూ పోయింది. ధర, గడువు కింది దాకా దిగాయి, బాధ్యత మాత్రం దారిలోనే జారిపోయింది.

ఢాకా పక్కన సావర్‌లోని రాణా ప్లాజా ఎనిమిది అంతస్తుల భవనం. 2013 ఏప్రిల్ 23న గోడలు పగుళ్లిచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపేసింది. పైనున్న ఐదు దుస్తుల ఫ్యాక్టరీల వాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం ఆపుతామన్నారని బతికి బయటపడ్డవారు చెప్పారు. పొద్దున కరెంటు పోయింది, పైన జనరేటర్లు ఆన్ చేశారు. తొమ్మిది కొట్టేలోపు భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు. మా ఆర్డరు అక్కడ లేదని కొన్ని బ్రాండ్లవాళ్లు బుకాయించబోతే, శిథిలాల్లో దొరికిన లేబుళ్లు వాళ్ల గుట్టు బయటపెట్టాయి.

మరుసటి నెలలోనే కార్మిక సంఘాలతో బ్రాండ్లు చట్టబద్ధంగా కట్టుబడే అకార్డ్ ఒప్పందం వచ్చింది. తనిఖీ నివేదికలు బహిరంగమయ్యాయి, ఫ్యాక్టరీలకు మరమ్మతులు జరిగాయి. పరిహార నిధి మాత్రం విరాళాల మీదే ఆధారపడింది. అనుకున్న 3 కోట్ల డాలర్లు పోగవడానికి రెండేళ్లకు పైగా పట్టింది.

అలాంటి బ్రాండ్ల ఆర్డర్లు ఇప్పుడు మన దగ్గరికీ వస్తున్నాయి. 2022 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఒక దుస్తుల ఫ్యాక్టరీలో విషవాయువు పీల్చి వందమందికి పైగా మహిళలు ఆస్పత్రి పాలయ్యారు. ఉద్యోగాలు రావాల్సిందే. అయితే భూమి, రాయితీలు ఇచ్చే ప్రభుత్వం భద్రతా తనిఖీ నివేదికలను జనం ముందు పెట్టాలన్న షరతును కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి.