పరదేశయాత్రలో మూటబరువు



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. వేసవికాలమున ఐరోపాఖండమునకు పోవువాడు ఒక్క చేతిసంచితో, విమానములో తన తలపైనుండు అఱలో పట్టునంత సామానుతో మాత్రమే, పోయి రాగలడా యనునదియే ఆ విషయము. దోమ, పరిగి, తాండూరు ప్రాంతముల పెద్దలకు ఈ మాటతో నేమి పని యని మీలో కొందఱు నవ్వవచ్చును. కాని నేడు మన పల్లెల బిడ్డలు జర్మనీలోను ఇంగ్లండులోను చదువుకొనుచున్నారు, కొలువులు చేయుచున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులకు ఈ ప్రశ్న ఇంటి ముంగిటికే వచ్చినది. అదియుగాక, మూట బరువెంత యను ప్రశ్న వెనుక, ఆ మూటను మోయువాడెవడు అను మఱియొక ప్రశ్న దాగియున్నది. ఆ రెండవ ప్రశ్నకు మన సీమలో ఒక చరిత్ర కలదు. దానిని నాకు తెలిసినంతవఱకు మనవి చేసెదను.

మన పూర్వులకు తేలిక మూట క్రొత్త సంగతి కాదు. అనంతగిరి అనంతపద్మనాభస్వామి దర్శనమునకు కాలినడకను పోయిన రైతు సద్దిమూట, చెంబు, భుజముపై కంబళి, చేతిలో కఱ్ఱ తప్ప వేఱొండు కొనిపోలేదు. తన మూట తానే మోసికొనువాని మూట ఎన్నడును పెరుగదు. అది మెడకు తెలిసిన లెక్క. ఇతరుడు మోయుటకు సిద్ధముగా నున్నప్పుడే మూట పెరుగును. ఈ చరిత్ర కంతటికిని మూలసూత్ర మిదియే.

తెలుగువారి యాత్రాగ్రంథములలో ప్రసిద్ధమైనది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే 18వ తేదీన మద్రాసునుండి బయలుదేరి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తాలు చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. ఆయన వెంట సుమారు నూఱుమంది పరివారము నడచెను. పల్లకీ, దానిని మోయు బోయీలు, సామాను మోయువారు, వంటవారు, అందఱును కలిసి ఒక చిన్న గ్రామము కదలిపోయినట్లుండెను. ఆ కాలమున రైలు లేదు. పూటకూళ్ళ యిండ్లు అంతట లేవు. అడవిదారులలో దొంగల భయము కలదు. కావున ఆ పరివారము ఆడంబరము గాదు, అవసరము. ఆయన మజిలీ మజిలీకిని నీటివసతి యేమి, అంగళ్ళు కలవా, సామగ్రి దొరకునా యని వ్రాసి పెట్టెను. 1838లో అచ్చయిన ఆ గ్రంథము చదివిన పిమ్మట బయలుదేరువాడు ఎక్కడ నేమి దొరకునో ఎఱిగి, ఆ మేరకు మూట తగ్గించుకొనగలడు. ముందు తెలిసికొనుటయే మూటను తేలికచేయు మొదటి ఉపాయము.

1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పడెను. తాండూరు, వికారాబాదుల మీదుగా పోవు మార్గమదియే. దానితో మన ప్రాంతము బొంబాయి రేవునకు కట్టుపడినది. అంతకు అయిదేండ్ల ముందే, 1869లో, సూయజు కాలువ తెఱవబడియుండెను. ఈ రెండును కలియుటతో హైదరాబాదువారికి ఐరోపాయాత్ర సులభమాయెను. పొగయోడలలో సామానును ముఖ్యముగా రెండు తెగలుగా విభజించువారు. ఒకటి ఓడ అడుగుభాగమున పడవేయు పెద్ద పెట్టెలు; రేవు చేరువఱకు అవి కంటికి కనబడవు. రెండవది ప్రయాణికుని గదిలో నుంచుకొను పెట్టె. అది ఆతని పడక క్రిందికి దూరవలెను గనుక ఎత్తు పదునాలుగంగుళములకు మించకుండ చేయించెడివారు. నేటి విమానపు చేతిసంచికి తాతవంటిది ఆ పెట్టెయే.

హైదరాబాదు దివానైన మొదటి సాలారుజంగు 1876లో ఐరోపాకు పోయెను. ఆయన వెంట ఉద్యోగులు, సేవకులు పెక్కండ్రుండిరి. పారిసు నగరమున హోటలు మెట్లపై కాలుజాఱి తొడయెముక విఱిగినందున, ఇంగ్లండులో చాలదినములు పరుల సాయముతోనే మెలగవలసి వచ్చెను. ఎంత పరివార మున్నను తన కాలు తాను జాగ్రత్తగా మోపుకొనవలసినదే గదా!

ఆడంబరమునకు పరాకాష్ఠ జయపూరు మహారాజు సవాయి మాధోసింగుగారి యాత్ర. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు పోవుచు, సీమలో గంగాజలమే త్రాగవలెనను నియమముచేత, వెండి మహాకలశములలో ఆ జలమును నింపించి ఓడ కెక్కించెను. ఒక్కొక్క కలశము బరువు సుమారు 345 కిలోలు. అవి నేటికిని జయపూరు రాజప్రాసాదమున చూపబడుచున్నవి. ఆయన నిష్ఠను నేను హేళన చేయను. ఆ కలశములను ఎత్తి దించినవారి భుజములు మాత్రము నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

దీనికి మాఱుగా మఱియొక యాత్రికుడు కలడు. 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి హైదరాబాదునకు వచ్చి, 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కాలేజీలో ఉపన్యసించి, మద్రాసునకు మరలిపోయెను. నాటికి బెజవాడనుండి మద్రాసునకు రైలు పడలేదు. మద్రాసునకు ముఖ్యమైన రైలుదారి వికారాబాదు, తాండూరు, వాడి, రాయచూరుల మీదుగానే. ఆ మేనెల 31వ తేదీన ఆయన బొంబాయిలో ఓడ యెక్కెను. దండకమండలములు తప్ప ఎఱుగని ఆ సన్న్యాసికి శిష్యులు ప్రేమతో పెట్టెలు, బట్టలు సమకూర్చి యిచ్చిరి. వానిని కనిపెట్టుకొనియుండుటయే ఆయనకు పెద్ద బాధ యాయెను. సామాను లేనివానికి కావలి అక్కఱలేదు. సామాను కలవాడు తానే దానికి కావలివాడగును.

ఇక మన పల్లెల మాటకు వచ్చెదను. నిజాము రాజ్యమున వెట్టిచాకిరీ యుండెనని మీరెఱుగుదురు. గిర్దావరుగాని, తహసీలుదారుగాని గ్రామమునకు విచ్చేసినప్పుడు కుమ్మరి కుండలీయవలెను; చాకలి గిన్నెలు తోమవలెను; మాలమాదిగ వాడలవారు ఆ దొరగారి సామానును తదుపరి మజిలీవఱకు కూలి లేకుండ మోయవలెను. మా తాతగారు దోమనుండి పరిగిదాక అట్టి మూట మోసినవాడు. గుడారము, మడతమంచము, పరుపుచుట్ట, వంటపాత్రల గంప, కాగితముల పెట్టె, ఇన్నియు ఒక్క మనుష్యుని రెండు దినముల మకామునకు! మా తాతగారి తలపై మంచపుకోడు ఒత్తిన చోట వెండ్రుకలు మొలవక పోయెను. బాల్యమున నేను ఆ మచ్చను వ్రేలితో తడవి, ఇదేమని యడిగితిని. "ఇది దొరగారి నిద్ర, నాయనా" అని ఆయన నవ్వెను. ఆ మాటకు అర్థము నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

వెట్టిని మాన్పించుటకై మన పెద్దలు పాటుపడిరి. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి వంటివారి కృషి, ఈ యన్యాయమును ప్రజల యెదుట పెట్టినవి. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. ఆ యుద్యమము వెట్టికి ఎదురుగా మాటలాడుటను పల్లెవారికి నేర్పెను. తుదకు 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని పేరెత్తి నిషేధించినది. ఒకని మూటను మఱియొకని తలపై బలవంతముగా పెట్టుటకు నేడు ఎవ్వరికిని హక్కు లేదు.

ఈ నడుమనే జరిగిన ఒక సంగతి వినుడు. 1931 ఆగస్టు 29న గాంధిమహాత్ముడు రౌండు టేబిలు సభకై బొంబాయిలో రాజపుతానా యను ఓడ యెక్కెను. మన హైదరాబాదున పుట్టిన సరోజినీదేవియు ఆ యోడలోనే యుండెను. ఓడ సాగిన పిమ్మట తన యనుచరులు తెచ్చిన పెట్టెలను చూచి మహాత్ముడు నొచ్చుకొనెను. ఐరోపా చలికి పనికివచ్చునని మిత్రులిచ్చినవే అవి. అయినను, దరిద్రుల ప్రతినిధులుగా పోవువారికి ఇన్ని పెట్టెలేల యని మందలించి, అనవసరమైనవానిని ఏడెను రేవునుండి వెనుకకు పంపించెను. లండనులో కార్మికులుండు తూర్పుభాగమున కింగ్‌స్లీహాలులో బసచేసి, ఆ కొల్లాయితోనే, ఆ శాలువతోనే, అయిదవ జార్జి చక్రవర్తిని చూడబోయెను. అది నవంబరు మాసము, ఎండకాలము కాదు. మన మేసవిలో పోవుచు పది జతల బట్టలు కొనిపోవుట కిక నేమి సాకు చెప్పగలము?

కూలివాని బదులు చక్రములు వచ్చిన కథయు చెప్పవలసియున్నది. అమెరికాలో బెర్నార్డు సాడో యనువాడు 1970లో పెట్టెక్రింద చక్రములమర్చి, 1972లో దానికి పేటెంటు పొందెను. 1987లో రాబర్టు ప్లాత్ అను విమానచోదకుడు పెట్టెను నిలువుగా నిలిపి, పొడవైన పిడితో లాగుకొనిపోవునట్లు చేసెను. చంద్రమండలమున మనుష్యుడు కాలుమోపిన పిమ్మటగాని చక్రముల పెట్టె విరివిగా వాడుకలోనికి రాకపోవుట విచిత్రము. అంతవఱకు పెట్టె నెత్తుటకు అగ్గువగా మనుష్యుడు దొరకుచుండుటయే దానికొక కారణమని నా తలంపు.

కాని చక్రములున్నవని మూట పెంచుకొన్నవాని కథ నాదియే. కొన్నియేండ్ల క్రిందట జూను మాసమున నేను జర్మనీలోనున్న నా కుమారునియొద్దకు పోయితిని. ఇల్లాలు ఆవకాయ, నేయి, కందిపొడి, అప్పాలు, నాకు ఎనిమిది జతల బట్టలు సర్ది రెండు పెద్దపెట్టెలు సిద్ధపఱచెను. దారిలో విమానము మాఱిన చోట ఆ పెట్టెలు చిక్కుపడి, అయిదు దినములకు గాని చేరలేదు. ఆ అయిదు దినములును భుజమున వ్రేలాడిన చిన్నసంచిలోని ఒక ధోవతి, ఒక చొక్కా, ఒక శాలువతోనే గడపితిని. రాత్రి ఉతికి ఆరవేసిన చొక్కా తెల్లవాఱుసరికి ఆరుచుండెను. పెట్టెలు వచ్చిన దినమున వానిని మూడవ అంతస్తునకు ఎక్కింపవలసి వచ్చెను. ఆ యింటికి మరయెత్తు లేదు. నా కుమారుడు రెండు పెట్టెలను ఒకదాని వెనుక నొకటి భుజముపై మోసికొని ఎక్కుచుండగా, ఆతని మెడ వంగుట చూచి నాకు మా తాతగారి తలపై మచ్చ జ్ఞప్తికి వచ్చెను. నాడు మా తాత దొరగారి పరుపు మోసెను; నేడు ఆయన మునిమనుమడు నా సుఖమును మోయుచున్నాడు. వెట్టికిని ప్రేమకును భేద మున్నమాట నిజమే. మెడకు మాత్రము ఆ భేదము తెలియదు.

తరువాతి వేసవిలో నేను ఒక్క చేతిసంచితో పోయి వచ్చితిని. మన దేశపు విమానములలో సాధారణముగా ఏడు కిలోలు మించని చేతిసంచి నొకదానిని అనుమతింతురు. అందులో రెండు జతల నూలుబట్టలు, ఒంటిపై నొక జత, ఒక శాలువ, ఒక పలుచని ఉన్నియంగీ, లోపలి బట్టలు, మందులు, వైద్యుని చీటీ, కండ్లద్దములు చాలును. ఐరోపా వేసవి మన మేనెలవంటిది కాదు. పగలు ఎండ కాసినను సాయంకాలము చలిగాలి కొట్టును, వాన చెప్పిరాదు. ఉత్తరమునకు పోయినకొలది రాత్రి తొమ్మిదింటికిని వెలుతు రుండును. రోము నగరమున సెయింటు పీటరు దేవాలయమున భుజములు, మోకాళ్ళు కప్పుకొననివారిని లోనికి రానీయరు. మన ధోవతికిని చీరకును ఆ చిక్కు లేదు. నడక మెండుగా నుండును గనుక కొంత వాడిన మెత్తని చెప్పులనే తొడుగుకొని పోవలెను.

ఆవకాయ మాట చెప్పక తప్పదు. 2006 ఆగస్టులో ఇంగ్లండున విమానములపై ద్రవపదార్థములతో జరిగిన కుట్ర బయటపడినది. నాటినుండి చేతిసంచిలో ద్రవములు నూఱు మిల్లీలీటర్లకు మించని సీసాలలోనే యుండవలెనను నియమము పెక్కు దేశములకు వ్యాపించెను. ఊరగాయ, నేయివంటి ముద్దపదార్థములను సైతము తనిఖీవారు ద్రవములుగానే లెక్కింతురు. పాలతోను మాంసముతోను చేసినవానిని బయటిదేశములనుండి తెచ్చుటను ఐరోపాసమాఖ్య నిషేధించినది. కావున తల్లులారా, కందిపొడి చిన్న పొట్లముగా కట్టి యిండు. తాండూరి కందికి ఆ మాత్రము గౌరవము చాలును. తక్కిన రుచిని చేతులతో కొనిపోయి, అక్కడనే వండి పెట్టవచ్చును.

కాలక్రమమున మార్గములు మాఱినవి. వీరాస్వామయ్యగారికి పదునైదు నెలలు పట్టిన యాత్రకంటె దూరమైన దేశమును నేడు శంషాబాదునుండి ఒక్క దినములో చేరుచున్నాము. మాఱనిది మెడ యొక్కటే. మూట కట్టుకొనునప్పుడు, ఇది నాకు అక్కఱకు వచ్చునా యని మాత్రమే గాక, దీనిని ఎవరు మోయుదురు అనియు ఒక్కమా ఱడుగుకొనుడు. అట్లడిగినవాని మూట తనంత తానే తేలికయగును.