ఎవరూ లేని దీపపు ఓడ

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు రిటైరైన తర్వాతే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించాలి.

కోవిల్‌పట్టికి సముద్రం 60 కిలోమీటర్లు. విరుదునగర్‌కు ఇంకా దూరం. ఆ సముద్రం గోల మనకెందుకు అనుకోకండి. ఐప్పసి, కార్తీక నెలల్లో మన కరిసల్ చేలు తడవాలంటే మేఘం బంగాళాఖాతం మీద నుంచే రావాలి.

నడి సముద్రంలో దీపస్తంభం కట్టలేని చోట, పూర్వం ఒక ఓడకు లంగరు వేసి దాని మీద దీపం పెట్టేవారు. ఇంగ్లండు నైరుతి మూలన సెవెన్ స్టోన్స్ అనే రాళ్ళ దగ్గర 1841 నుంచి అలాంటి ఓడ ఉంది. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే పెద్ద చమురు ఓడ ఆ రాళ్ళ వైపు వస్తుంటే, దీపపు ఓడలోని మనుషులు రాకెట్లు పేల్చి హెచ్చరించారు. రేవులో పోటు తప్పిపోతుందన్న తొందరలో ఉన్న ఆ ఓడ సమయానికి మళ్ళలేదు. రాయికి కొట్టుకుంది. చమురు సముద్రం పాలైంది.

1987లో ఆ దీపపు ఓడ నుంచి మనుషుల్ని దించేశారు. ఇప్పుడు దీపం తనంతట తానే వెలుగుతుంది. గాలి, అలలు, వాతావరణ పీడనం కూడా అదే కొలిచి ఒడ్డుకు పంపుతుంది.

మనకూ ఇలాంటివి ఉన్నాయి. ఓడలు కావు, బోయాలు. తమిళంలో మిదవై అంటాం. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 1997 నుంచి వీటిని సముద్రంలో నిలుపుతోంది. పసుపు రంగు, పైన మినుకు దీపం, ఎండతో కరెంటు. కొన్నిచోట్ల కింద మూడు కిలోమీటర్ల లోతు నీళ్ళు. కొలిచినదంతా ఉపగ్రహం ద్వారా వస్తుంది. సముద్రమే లేని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఆ సమాచారాన్ని వాడి జాలర్లకు హెచ్చరికలు ఇస్తుంది. అయినా కొందరు జాలర్లు పడవలు దానికే కట్టడం వల్ల, భాగాలు పీకడం వల్ల కొన్ని బోయాలు పాడయ్యాయి. కాపలాకు అక్కడ మనిషి లేడు కదా.

నేను బుకింగ్ కౌంటర్‌లో చేరిన కొత్తలో సీనియర్లు ధనుష్కోడి కథ చెప్పేవారు. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి ప్యాసింజర్ బయలుదేరింది. ధనుష్కోడి దగ్గర తుఫానుకు సిగ్నల్ పని చేయలేదు. డ్రైవరు కాసేపు ఆగి, పొడుగ్గా విజిల్ వేసి బండిని ముందుకు పోనిచ్చాడు. అల వచ్చి బండినంతా మింగేసింది. అందులో వందమందికి పైగా ఉన్నారు. ఒక్కరూ మిగల్లేదు. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో మనకు ఇలాంటి బోయా ఒక్కటీ లేదు.

2023 డిసెంబరు 17 మనందరికీ గుర్తే. కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన పడింది. మామూలు ఏడాదిలో మన కోవిల్‌పట్టికి మొత్తం కలిపినా అంత వాన రాదు. ఆ రాత్రి చెందూర్ ఎక్స్‌ప్రెస్‌ను శ్రీవైకుంఠం స్టేషన్‌లో ఆపేశారు. ముందు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. సుమారు 800 మంది నీళ్ళ మధ్య ఇరుక్కుని ఆకలితో ఉన్నారు, కానీ బతికారు. పోనీలే అని పచ్చ దీపం ఇచ్చి ఉంటే? తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

కొలిచే పని యంత్రం చేస్తుంది. దీపం తనే వెలుగుతుంది. ఆగాలా వద్దా అన్నది మాత్రం మనిషే తేల్చాలి. నిజం చెప్పాలంటే, ఫోన్‌కు వచ్చే వాన హెచ్చరికను నేనూ చదవకుండానే తుడిచేసేవాణ్ణి. ఇప్పుడు అలా చేయడం లేదు. ఈ ఐప్పసిలో మీ ఫోన్‌కు వస్తే, చదవలేని పెద్దవాళ్ళకు దయచేసి చదివి వినిపించండి. తూత్తుక్కుడి రేవులో, ఉప్పళాల్లో పని చేసే మన పిల్లలకూ ఒక మాట చెప్పండి.