ఉపకులపతి అధికారాలు: ఏవి ఇతరులకు అప్పగించవచ్చు, ఏవి అప్పగించకూడదు?

పరీక్షను వాయిదా వేయాలన్నా, ఉద్యోగిని సస్పెండ్ చేయాలన్నా, కొత్త కోర్సు ప్రారంభించాలన్నా విశ్వవిద్యాలయంలో ఎవరో ఒకరు సంతకం చేయాలి. ఆ సంతకం ఎవరిది కావాలన్నది చట్టం ముందుగానే నిర్ణయించి ఉంటుంది. అధికారం లేని వ్యక్తి జారీ చేసిన ఉత్తర్వు, ఆ తర్వాత ఎంతమంది ఆమోదించినా, న్యాయస్థానంలో నిలవకపోవచ్చు.

అలాగని ప్రతి దస్త్రాన్నీ ఉపకులపతి ఒక్కరే పరిశీలించడం సాధ్యం కాదు. అందుకే అధికారాల పంపిణీ అవసరమవుతుంది. ఆ పంపిణీకి హద్దులేమిటి? అప్పగించిన పనిలో తప్పు జరిగితే జవాబుదారీ ఎవరు?

ఉపకులపతి స్థానం ఏమిటి?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రెసిడెంట్ నిర్వహించే పాత్రను భారతదేశంలో ఉపకులపతి నిర్వహిస్తారు. అక్కడ ప్రెసిడెంట్ ధర్మకర్తల మండలికి జవాబుదారీగా ఉంటూ, విద్యా వ్యవహారాలను సాధారణంగా ప్రోవోస్ట్ అనే అధికారికి అప్పగిస్తారు. ఇక్కడ కులపతి పదవి ప్రధానంగా గౌరవప్రదమైనది. దైనందిన పాలన భారం ఉపకులపతిదే.

2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టం ఉపకులపతిని ప్రధాన కార్యనిర్వాహక, విద్యా అధికారిగా పేర్కొంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, తెలంగాణలో ములుగు వద్ద ఏర్పాటైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ చట్టం పరిధిలోకే వస్తాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి 1974 నాటి ప్రత్యేక చట్టం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధిక భాగం 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ఆధారంగా నడుస్తున్నాయి.

2009 చట్టం ప్రకారం ఉపకులపతిని విజిటర్ హోదాలో రాష్ట్రపతి నియమిస్తారు. పదవీకాలం ఐదేళ్లు. కార్యనిర్వాహక మండలి, విద్యా మండలి, ఆర్థిక సంఘం, ఈ మూడింటికీ ఉపకులపతే అధ్యక్షులు. అయితే విధాన నిర్ణయాలు తీసుకునేది ఆ మండళ్లే. వాటిని అమలు చేయడం ఉపకులపతి కర్తవ్యం.

ఎవరికి ఏ పని?

విశ్వవిద్యాలయంలో రెండు రకాల అధికారాలు కనిపిస్తాయి. కొన్నింటిని చట్టమే నేరుగా ఒక అధికారికి ఇస్తుంది. మరికొన్నింటిని ఉపకులపతి తన అధికారాల్లోంచి ఇతరులకు అప్పగిస్తారు. ఈ తేడాను గుర్తిస్తేనే పాలన తీరు బోధపడుతుంది.

సహ ఉపకులపతి: ఉపకులపతి సిఫారసుపై కార్యనిర్వాహక మండలి నియమిస్తుంది. ఉపకులపతి అప్పగించిన పనులను నిర్వహిస్తారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇటువంటి బాధ్యతలు నిర్వహించే అధికారిని రెక్టార్ అంటారు.

రిజిస్ట్రార్: రికార్డులకు, అధికార ముద్రకు సంరక్షకులు. న్యాయస్థానాల్లో విశ్వవిద్యాలయం తరఫున ప్రాతినిధ్యం వహిస్తారు. కార్యనిర్వాహక మండలికీ, విద్యా మండలికీ కార్యదర్శి. కానీ వాటిలో సభ్యులు కారు.

ఫైనాన్స్ ఆఫీసర్: వార్షిక లెక్కలను, ఆదాయ వ్యయాల అంచనాలను సిద్ధం చేస్తారు. ఆర్థిక సంఘానికి కార్యదర్శిగా ఉంటారు. వీరికీ సభ్యత్వం ఉండదు.

డీన్లు: ఆయా విభాగ సముదాయాల్లో బోధన, పరిశోధన ప్రమాణాలను పర్యవేక్షిస్తారు.

ప్రాక్టర్: విద్యార్థుల క్రమశిక్షణ అధికారం మూలంలో ఉపకులపతిదే. దానిని పూర్తిగా గానీ, కొంతభాగం గానీ ప్రాక్టర్‌కూ, తాను నిర్దేశించిన ఇతర అధికారులకూ అప్పగించవచ్చు.

క్రమశిక్షణ చర్యల్లో అంచెలు

అధికార విభజన ఎంత జాగ్రత్తగా జరిగిందో బోధనేతర ఉద్యోగులపై చర్యల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కార్యనిర్వాహక మండలి ఉత్తర్వులో పేర్కొన్న ఉద్యోగులను విచారణ ముగిసేవరకు రిజిస్ట్రార్ సస్పెండ్ చేయవచ్చు. హెచ్చరించవచ్చు, అభిశంసించవచ్చు, ఇంక్రిమెంటు నిలిపివేయవచ్చు. అయితే శిక్షకు ముందు ఆ ఉద్యోగి తన వాదన వినిపించే అవకాశం ఇచ్చి తీరాలి.

రిజిస్ట్రార్ విధించిన శిక్షపై ఉపకులపతికి అప్పీలు చేసుకోవచ్చు. అంతకు మించిన శిక్ష అవసరమని విచారణలో తేలితే రిజిస్ట్రార్ తన సిఫారసులతో ఉపకులపతికి నివేదించాలి. ఉపకులపతి విధించిన శిక్షపై కార్యనిర్వాహక మండలికి అప్పీలు ఉంటుంది. శిక్షించిన చేతికే అప్పీలు కూడా చేరకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. సామాన్య ఉద్యోగికి ఇదే రక్షణ.

అత్యవసర అధికారం

మండలి సమావేశమయ్యే వరకు ఆగలేని పరిస్థితులుంటాయి. తుపాను ముంచుకొస్తున్నప్పుడు మరునాటి పరీక్షల సంగతి తేల్చడానికి మండలి సమావేశం కోసం వేచి ఉండటం కుదరదు. అలాంటి సమయంలో ఏ మండలికి చెందిన అధికారాన్నయినా ఉపకులపతి వినియోగించవచ్చునని 2009 చట్టంలోని 11వ సెక్షన్ చెబుతోంది.

ఈ వెసులుబాటుకు మూడు కళ్లేలు ఉన్నాయి. తీసుకున్న చర్యను సంబంధిత మండలికి తదుపరి సమావేశంలోనే నివేదించాలి. ఆ చర్య సరికాదని మండలి భావిస్తే విషయాన్ని విజిటర్‌కు పంపవచ్చు. అక్కడి నిర్ణయమే అంతిమం. ఇక ఆ చర్య వల్ల నష్టపోయిన ఉద్యోగి, నిర్ణయం తనకు తెలిసిన మూడు నెలల్లోగా కార్యనిర్వాహక మండలికి విన్నవించుకోవచ్చు. మండలి దానిని ఖరారు చేయవచ్చు, సవరించవచ్చు, రద్దు చేయవచ్చు.

మండలి తన పరిధి దాటిందని ఉపకులపతి భావిస్తే, అరవై రోజుల్లోగా పునఃపరిశీలించాలని కోరవచ్చు. అంటే అదుపు రెండు వైపులా ఉంది.

అప్పగించినా తప్పని బాధ్యత

2009 చట్టానికి అనుబంధంగా ఉన్న నియమావళిలో ఒక నిబంధన ఈ మొత్తం వ్యవస్థకు కీలకం. ఏ అధికారి అయినా, మండలి అయినా తమ అజమాయిషీలో ఉన్నవారికి అధికారాలను అప్పగించవచ్చు. కానీ ఆ అధికారాల వినియోగానికి సంబంధించిన మొత్తం బాధ్యత అప్పగించినవారిదే. కింది అధికారి సంతకం చేశారు కాబట్టి తనకు సంబంధం లేదని ఉపకులపతి తప్పుకోవడానికి వీల్లేదు.

మరో సూత్రం కూడా ఉంది. ఇతరుల నుంచి అధికారం పొందిన వ్యక్తి, చట్టం అనుమతిస్తే తప్ప, దానిని మళ్లీ వేరొకరికి బదలాయించకూడదు. న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న నియమమిది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

మహారాష్ట్రలోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి సంబంధించి 1989లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో దారిదీపం. అక్కడ ఒక అధికారిపై ఉపకులపతి క్రమశిక్షణ చర్య చేపట్టారు. ఆ అధికారం చట్టప్రకారం కార్యనిర్వాహక మండలిది. తర్వాత ఆ మండలి తీర్మానం చేసి ఉపకులపతి చర్యకు ఆమోదం తెలిపింది.

ఆ ఆమోదం చెల్లదని న్యాయస్థానం తేల్చింది. మూలంలోనే అధికారం లేని చర్యకు తర్వాతి తీర్మానం ప్రాణం పోయలేదని, చట్టం ప్రసాదించిన అధికారాల విషయంలో అనంతర ఆమోదానికి తావు లేదని స్పష్టం చేసింది. మండలి తన అధికారాన్ని అప్పగించదలిస్తే చట్టం చెప్పిన పద్ధతిలో, ముందుగానే అప్పగించాలి.

అందువల్ల అప్పగింతలన్నీ లిఖితపూర్వకంగా ఉండటం మేలు. ఏ అధికారం, ఎవరికి, ఎంత మేరకు, ఎంతకాలం అన్న నాలుగు అంశాలు ఉత్తర్వులో ఉంటే వివాదాలు చాలావరకు తలెత్తవు. నోటిమాటగా సాగే ఏర్పాటు, ఉపకులపతి మారిన మరునాడే చిక్కు తెచ్చిపెడుతుంది.

కుర్చీ ఖాళీ అయితే?

కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉపకులపతి స్థానం ఖాళీ అయితే సహ ఉపకులపతి, ఆయన కూడా లేకపోతే అందరికంటే సీనియర్ ప్రొఫెసర్ బాధ్యతలు చూస్తారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పద్ధతి వేరు. తెలంగాణలో 2024 మే నెలలో పది విశ్వవిద్యాలయాల ఉపకులపతుల పదవీకాలం ఒకేసారి ముగిసింది. సీనియర్ ఐఏఎస్ అధికారులకు వారి శాఖల పనితో పాటు ఈ బాధ్యతలను అదనంగా అప్పగించారు. అదే ఏడాది అక్టోబరులో కొత్త ఉపకులపతుల నియామకాలు జరిగాయి.

ఇలాంటి విరామాల్లో పంపిణీ వ్యవస్థకు అసలు పరీక్ష ఎదురవుతుంది. రిజిస్ట్రార్, పరీక్షల నియంత్రణాధికారి, డీన్ల అధికారాలు చట్టంలోనూ ఉత్తర్వుల్లోనూ స్పష్టంగా నిర్దేశించి ఉంటే నిత్య కార్యకలాపాలు ఆగవు. అన్నీ ఒక్క బల్ల మీదికే చేరే అలవాటున్న చోట దస్త్రాలు పేరుకుపోతాయి. ఆ జాప్యాన్ని చివరికి భరించేది ధ్రువపత్రం కోసం ఎదురుచూసే విద్యార్థి, పదోన్నతి కోసం నిరీక్షించే ఉద్యోగి.

అధికారాన్ని పంచిన ఉపకులపతి బలహీనులు కారు. ఎవరికి ఏది అప్పగించారో రాతపూర్వకంగా చెప్పగలిగి, దాని ఫలితానికి తామే జవాబు చెప్పడం చట్టం వారి నుంచి కోరుతున్న పని.