ఆఫీసు ప్రింటరుకీ తాళం వెయ్యాలి

మనవాళ్ళు నడిపే క్లినిక్కుల్లో, అకౌంటింగ్, కన్సల్టింగ్ ఆఫీసుల్లో ఒక మూల పెద్ద మల్టీఫంక్షన్ మెషీన్ ఉంటుంది. కాపీలు తీస్తుంది, స్కాన్ చేస్తుంది, ఫాక్స్ పంపుతుంది. ప్రతి కంప్యూటరుకీ యాంటీవైరస్ వేయించేవారు కూడా దీని జోలికి పోరు. నిజానికి ఇదీ కంప్యూటరే. దీనికీ ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్ అడ్రసు, చాలా మోడళ్ళలో హార్డ్ డిస్కూ ఉంటాయి.

ప్రింటింగుకి ఇప్పటికీ వాడే పద్ధతులు కొన్ని చాలా పాతవి. ఎల్‌పీడీ ప్రోటోకాల్ వివరాలు 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179గా వెలువడ్డాయి. అది 515 పోర్టు మీద నడుస్తుంది. 9100 పోర్టునయితే ప్రోటోకాల్ అనడమే ఎక్కువ. దానికి ఏది పంపితే అది అచ్చవుతుంది. ఎవరు పంపారని అడగదు, దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్షనూ లేదు. 2017 ఫిబ్రవరిలో ఒక హ్యాకరు ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఇలాంటి పోర్టుల్నే వెతికి, లక్షన్నరకు పైగా ప్రింటర్లచేత హెచ్చరిక కాగితాలు అచ్చు వేయించానని చెప్పుకున్నాడు. ఈ రెండు పోర్టులనీ మూసి, టీఎల్‌ఎస్ మీద నడిచే ఐపీపీఎస్ వాడుకోవడం మేలు. పాత మెషీనుకి ఆ సదుపాయం లేకపోతే, ప్రింట్ సర్వరు తప్ప మరేదీ దాన్ని ముట్టకుండా ఫైర్‌వాల్‌లో కట్టడి చెయ్యండి.

టోనరు ఎంత ఉందో కనుక్కునే ఎస్‌ఎన్‌ఎంపీ సంగతీ చూడండి. మొదటి రెండు వెర్షన్లలో "పబ్లిక్" అనే మాటే చాలా మెషీన్లకి పాస్‌వర్డు, అదీ దాపరికం లేకుండా వైరు మీద పోతుంది. మూడో వెర్షనులో ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ అవసరం లేకపోతే ఆపెయ్యండి.

నన్నడిగితే అసలు తలనొప్పి స్కానింగుది. స్కాన్ చేసిన కాగితాన్ని సర్వరు ఫోల్డరులో వెయ్యడానికి పాత మెషీన్లు ఎస్‌ఎమ్‌బీ మొదటి వెర్షను వాడతాయి. 2017 మేలో వాన్నాక్రై పాకింది విండోస్‌లో ఆ వెర్షను లోపం గుండానే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేస్తూ వచ్చింది. స్కానింగ్ ఆగిపోయిందని ఎంతోమంది దాన్ని మళ్ళీ ఆన్ చేసుకున్నారు! పైగా మెషీనులో ఇచ్చే లాగిన్ ఏకంగా అడ్మినిస్ట్రేటర్‌ది. ఆ ఒక్క ఫోల్డరులో రాసే హక్కు మాత్రమే ఉన్న విడి అకౌంటు చాలు.

ఇక డిస్కు. న్యూయార్క్‌లోని అఫినిటీ హెల్త్ ప్లాన్ లీజు కాపీయర్లని డిస్కులు చెరపకుండానే తిప్పి పంపింది. అందులో ఒకదాన్ని 2010లో సీబీఎస్ విలేఖరులు కొన్నారు. లోపల రోగుల వివరాలు బయటపడ్డాయి. 3,44,579 మంది దాకా ఆ ప్రమాదంలో పడి ఉండొచ్చని అంచనా. 2013లో అఫినిటీ 12,15,780 డాలర్లు కట్టి ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుంది. మీ లీజు కాగితాల్లో డిస్కు ఎవరికి చెందుతుందో, ఎవరు చెరుపుతారో సంతకానికి ముందే రాయించుకోండి.