నాలుగవ ఆట

మా దరియాలతిప్పలో ఎవరైనా పునాది వేసి విడిచిన ఇల్లుంటే దారిన పోయేవారందరికీ కనబడుతుంది. ఎందుకు ఆగినదో నలుగురూ చెప్పుకొంటారు. సగములో విడిచిన వీడియో ఆటకు ఆ భాగ్యము లేదు. అంగడికి రాదు గనుక అట్టిది ఒకటున్నదనే తెలియదు. 1984లో ఆగిన ఒక ఆట సంగతి మాత్రము వేరు. దానిని గురించి ముందే చాటింపు వేసినారు.

టెలివిజన్‌కు తగిలించి ఆడే యంత్రమును అమెరికాలో అటారి కంపెనీవారు 1977లో తెచ్చినారు. 1982లో దానికి ‘స్వోర్డ్‌క్వెస్ట్’, అనగా ఖడ్గాన్వేషణ, అను నాలుగు ఆటలు ప్రకటించినారు: భూమి, అగ్ని, జలము, వాయువు. (మన లెక్కకు ఆకాశమొకటి తక్కువ.) మొదటిదానికి ద్వాదశ రాశులు ఆధారము, రెండవదానికి యూదుల కబాలా వృక్షము, మూడవదానికి మన షట్చక్రాలు, సహస్రారముతో కలిపి ఏడు, నాలుగవదానికి చీనావారి ఐ చింగ్. మూలాధారము మొదలుకొని అమెరికా పిల్లలు మీట పట్టుకొని తిరిగినారన్నమాట!

ప్రతి ఆటతోను ఒక బొమ్మల కథల పుస్తకము. తగిన గదిలో తగిన వస్తువులుంచితే తెరపై అంకెలు కనబడును. వాటినిబట్టి పుస్తకములో పుట, బొమ్మ వెదకి, అక్కడ దాగిన మాటలను ఏరి కంపెనీకి వ్రాసి పంపవలెను. బహుమతులు వరుసగా బంగారు రక్షరేకు, పానపాత్ర, కిరీటము, స్పర్శవేది. ఆ నలుగురు విజేతలు చివరకు ఖడ్గమునకై పోటీపడవలెను. మొత్తము విలువ 1,50,000 డాలర్లు.

1983 మేలో రక్షరేకును, 1984 జనవరిలో పానపాత్రను ఇచ్చినారు. ఈలోగా అంగళ్ళనిండా నాసి ఆటలు పేరుకొని వ్యాపారమే కూలినది. 1984 జూలైలో వార్నర్‌వారు అటారి గృహయంత్రాల శాఖను జాక్ ట్రమీల్‌కు అమ్మివేసినారు. జలము ఆట వచ్చినది గాని కిరీటము పోటీ బహిరంగముగా జరుగలేదు. వాయువు ఆట రానే లేదు.

నష్టము వచ్చినప్పుడు పని ఆపుట నేరమని నేననను. కాని నాలుగవది ఉన్నదని చెప్పియే మొదటి మూడింటిని అమ్మినారు. చివరి పర్వము చెప్పక పుస్తకము కట్టివేసిన పౌరాణికునికి మన ఊళ్ళలో సంభావన ఇత్తురా? గెలిచిన ఇద్దరికీ పరిహారముగా కొంత సొమ్ము ముట్టినది. మూడు ఆటలూ కొన్న పిల్లలకు ఏమి ముట్టినది?

2022లో డిజిటల్ ఎక్లిప్స్‌వారు ‘అటారి 50’ సంపుటములో వాయువు ఆటను చేర్చినారు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించినట్లు అని కొందరికి తోచవచ్చును. ఎఱ్ఱన చేతిలో నన్నయ వ్రాసిన మేర ఉన్నది. వీరికి పేరు, ఊహ తప్ప పెద్దగా మిగిలినది లేదు. ఇది కొత్తగా చేసిన ఆటయే. కిరీటము, స్పర్శవేది, ఖడ్గము మాత్రము ఈ ఆటతో రాలేదు.